నలభై బుకానాలు

తడిసిన ఉన్ని వాసన.

పొద్దున్నే క్లినిక్ తలుపు తీయగానే ముందు లోపలికి వచ్చేది రోగులు కాదు — పొగమంచు. లోయలోంచి పాకి వస్తుంది. గడప దాటుతుంది. బెంచీ మీద కూర్చుంటుంది. దాని వెనకాలే దుప్పట్లు కప్పుకున్న మనుషులు. దుప్పట్లలోంచి ఆవిరి. ఆవిరిలోంచి దగ్గు.

కొండ నడుం మీద మూడు గదులు. డాక్టర్ లేడు. నేనున్నాను.

నా పేరు సెల్లోవానే. ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు ఆ పేరు. నర్సమ్మ — అంతే.

నాకు ఒకటే కోరిక. నర్స్ ప్రాక్టీషనర్ అవ్వాలి.

బ్యాడ్జీ కోసం కాదు. జీతం కోసం కూడా కాదు — సరే, కొంచెం జీతం కోసం కూడా. కానీ అసలు కోరిక ఒక్క సంతకం. నా సంతకం.

ఇక్కడి రూలు ఇది. జబ్బు ఏంటో నాకు తెలుసు. మందు ఏంటో నాకు తెలుసు. ఆ మందు నా వీపు వెనక బీరువాలోనే ఉంది. అయినా కొన్ని మందులు నేను మొదలుపెట్టకూడదు. డాక్టర్ ఫోన్లో సరే అనాలి. ఆయన మొదలుపెడితే నేను కొనసాగించొచ్చు. ఆయన రెండు కొండల అవతల, జిల్లా ఆసుపత్రిలో ఉంటాడు. మధ్యలో పొగమంచు ఉంటుంది. పొగమంచులో ఫోను పలకదు.

నర్స్ ప్రాక్టీషనర్ అయితే — మొదలుపెట్టే చెయ్యి నాదే.

చదువు అయిపోయింది. రాజధానిలో రెండేళ్ళు, సెలవులన్నీ దానికే. పరీక్షలన్నీ పాసయ్యాను. గుండె చప్పుడులో తేడా వినడం. ఊపిరితిత్తుల అడుగున నీటి గురగుర వినడం. పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎటు తిరిగిందో చెప్పడం. మా టీచరు వీటిని సామర్థ్యాలు అనేది. సామర్థ్యానికో పేజీ. పేజీకో టిక్కు. ఆ టిక్కులంటే ఎంత పిచ్చి నాకు... బస్సులో కూర్చుని లెక్కపెట్టుకునేదాన్ని.

ఇక మిగిలింది ఒక్క టిక్కు.

నలభై మంది రోగులు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నేనే చూసినట్టు, నా చేతిరాతలో ఉన్న అసలు కాగితాలు. శుక్రవారం మందుల లారీ వస్తుంది, దాంట్లో పంపాలి. ఈ విడత తప్పితే ఇంకో విడత ఉంటుందో ఉండదో నర్సుల బోర్డు వాళ్ళు రాయలేదు. అడిగితే కూడా చెప్పలేదు.

నలభై.

నవ్వొచ్చింది నాకు. మూడేళ్ళలో ఈ బెంచీ మీద ఎన్ని వేల మందిని చూశాను. నలభై ఒక లెక్కా.

కానీ మా దేశంలో రోగి కాగితాలు క్లినిక్‌లో ఉండవు. రోగి దగ్గరే ఉంటాయి. బుకానా అంటాం — అరచేతి కంటే కాస్త పెద్ద పుస్తకం. నేను రాస్తాను. తిరిగి వాళ్ళ చేతికే ఇస్తాను. దుప్పటి మడతలోకి పోతుంది, ఇంటికి పోతుంది. నా రిజిస్టర్లో మిగిలేది ఒక్క వరుస. పేరు. తేదీ. 'కాళ్ళవాపు'.

నాకు వచ్చిందంతా, నేను నేర్చుకున్నదంతా... కొండల మీద ఉంది. గుడిసెల్లో, పరుపుల కింద.

సోమవారం మధ్యాహ్నం బయల్దేరాను. ఏరడానికి.

తోడు మాలెరాతో అక్క. ఊళ్ళ మీద తిరిగే ఆరోగ్య కార్యకర్త. ప్రతి గుమ్మం తెలుసు, ప్రతి కుక్క పేరు తెలుసు. నోరు మూతపడదు.

ముందు సెకాకే తాత ఇల్లు. పోయిన శీతాకాలం నిమోనియాతో గుర్రం మీద వేసుకొచ్చారు ఆయన్ని. తొమ్మిది రోజులు. తొమ్మిది పేజీలు. నా గర్వం ఆయన.

"బుకానానా? ఎప్పుడో అయిపోయింది తల్లీ."

"అయిపోవడం ఏంటి తాతా?"

"పొగాకు చుట్టుకున్నా. పల్చటి కాగితం. నీ రాత కూడా బాగానే కాలుద్ది."

మాలెరాతో అక్క గోడకి చేరబడి నవ్వింది. "ఊపిరి నిలబెట్టిన కాగితంతోనే ఊపిరి తగలేసుకుంటున్నావా ముసలోడా."

"బాగైపోయాక ఇంకెందుకే అది. నీ బ్యాడ్జీలా మెళ్ళో వేసుకు తిరగనా?"

నేనూ నవ్వాను. అప్పుడు.

రెండో ఇంట్లో పుస్తకం గౌను చేతికి కొలత కాగితం అయింది — కత్తిరించి, గుండుసూదులు గుచ్చి, మీద నా రాత తలకిందులుగా. మూడో ఇంట్లో కిటికీకి అతికించారు. "గాలి బాగా ఆపుతోంది నర్సమ్మా," అంది ఆ ఇల్లాలు, నాకు సంతోషం కలుగుతుందని. నాలుగో ఇంట్లో... ఏమో, ఉండాలే, మేక తినేసిందేమో.

బాగైనవాళ్ళకి పుస్తకంతో పనిలేదు.

అది కూడా బాగవడమే కదా — అనుకున్నాను. సోమవారం అనుకున్నాను. మంగళవారం కూడా అనుకున్నాను. బుధవారానికి ఆ మాట నాలోనే అరిగిపోయింది.

పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పుస్తకాలు నిండుగా రాశాను. గంట గంటకీ రాశాను. ఒక మనిషి చేతుల్లోంచి జారిపోతుంటే పెన్ను ఆగదు, ఎందుకో. నాకు తెలిసినదంతా ఆ పుస్తకాల్లోనే ఉంది.

ఈ లోయలో పోయినవాళ్ళ బుకానా వాళ్ళతోనే పాతిపెడతారు.

తెలుసు నాకు. తెలిసే వెళ్ళాను ఖౌహేలో అనే అమ్మాయి ఇంటికి.

ఖౌహేలో. నా కంటే ఒక్క ఏడాది చిన్నది. కాన్పయి మూడు వారాలు. పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడేది, గుంట అలాగే ఉండేది. పడుకుంటే ఊపిరాడేది కాదు — కూర్చునే నిద్రపోయేది, గోడకి ఆనుకుని. వీపు మీద గొట్టం పెట్టి విన్నాను. అడుగున నీటి గురగుర. గుండె అలసిపోయింది. పేరు తెలుసు నాకు ఆ జబ్బుది. నీరు లాగే మాత్ర పేరు తెలుసు. రెండో అరలో, ఎడమవైపు.

మొదలుపెట్టకూడని మందు.

ఫోను పలకలేదు. పైన రాతిగుట్ట ఎక్కాను, అక్కడైతే ఒక్కోసారి పలుకుతుంది. ఒకరోజు. రెండు రోజులు. మూడు. తెల్లగా, చెవిలో దూది పెట్టినట్టు, ఎటు చూసినా పొగమంచు. నాలుగో రోజు గాలి లేచింది. డాక్టర్ దొరికాడు. "ఇచ్చెయ్యి, ఇచ్చెయ్యి, దానికేముంది," అన్నాడు.

పరిగెత్తుకుంటూ దిగాను.

దానికేముంది. అప్పటికి దుప్పటి మొహం మీదికి లాగేశారు.

ఇక్కడ తల్లిని మొదటి బిడ్డ పేరుతోనే పిలుస్తారు. ఖౌహేలో తల్లి పేరు ఇప్పటికీ మాఖౌహేలో. రోజుకి ఎన్నిసార్లు వినాలో ఆవిడ, ఆ పేరు.

గుమ్మంలో పిడకల పొగ. వీపున మనవరాలు, దుప్పట్లో కట్టేసి.

"పుస్తకం పిల్ల చేతికింద పెట్టాం తల్లీ," అంది. "అక్కడి నర్సు అడుగుద్ది కదా, ఏం మందులు వాడావే అని. మా పిల్లకి సిగ్గు. నోరు తెరిచి చెప్పుకోలేదు. చూపించుకుంటది."

ఆవిడ మనవరాలి దుప్పటి ముడి బిగించుకుంది.

"నువ్వేం చేస్తావులే నర్సమ్మా. జిల్లా నుంచి మందు రావాలంటివి. రాలేదు."

పైనుంచి మాట రావాలి అన్నాను నేను ఆ రోజుల్లో. ఆవిడ మందు రావాలనుకుంది. నేను కాదనలేదు. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు.

గురువారానికి ఇరవై మూడు దొరికాయి.

టేబుల్ మీద పరిచి చదివాను. అటు బాగవని, ఇటు పోని వాళ్ళవి. దగ్గు, మళ్ళీ దగ్గు. బీపీ. అదే బీపీ. 'వచ్చే నెల రండి.' 'వచ్చే నెల రండి.' నా చేతిరాత ఏడాదికేడాదికీ గుండ్రంగా, అందంగా తయారవుతోంది. మిగతాదేమీ మారలేదు.

"ఇంకో పదిహేడు రాసెయ్యి," అంది మాలెరాతో అక్క. "బీరువా నిండా ఖాళీ పుస్తకాలే. అప్పుడు రాసింది నీ చెయ్యే. ఇప్పుడు రాసేదీ నీ చెయ్యే. దొంగతనమా ఇది?"

"దొంగతనమే అక్కా."

"అయితే సెకాకే ముసలోడి చుట్టలు విప్పుకురా పో."

వెళ్ళిపోయింది. మధ్యాహ్నం రోగులెవరూ రాలేదు. బయట తెలుపు. లోపల నేను, పెన్ను.

ఒక్కటి రాద్దామనుకున్నాను. ఒక్కటి, గుర్తున్నది గుర్తున్నట్టు.

ఖౌహేలో.

మొదటి రోజు రాశాను. వాపు, ఆయాసం, గురగుర. అన్నీ గుర్తున్నాయి. నాడి ఎంతో కూడా. కిందికి వచ్చాను — మందు అనే గడి దగ్గరికి. అప్పుడు అక్కడ రాసింది, 'డాక్టర్ మాట కోసం చూస్తున్నాం.'

ఇప్పుడు చెయ్యి అది రాయలేదు.

మాత్ర పేరు రాసింది. ఎన్ని, ఎప్పుడెప్పుడు, రాసింది. కింద సంతకం పెట్టింది.

రెండో రోజు వాపు దిగింది. నేను ఆపలేదు. మూడో రోజు ఖౌహేలో పడుకుని నిద్రపోయింది. నాలుగో రోజు పులిసిన జొన్న అంబలి అడిగింది, ఇంకా కావాలంది. రాస్తూనే ఉన్నాను... పదకొండు పేజీలు. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఒక్క కొట్టివేత లేదు.

శుక్రవారం.

లారీ మలుపుల్లో మూలుగుతూ ఎక్కుతోంది, ఇంకా కనపడట్లేదు. ఇరవై మూడు పుస్తకాలు దారంతో కట్టాను. ఇరవై మూడుతో ఏమీ కాదు. తెలిసే కట్టాను. పైన విడిగా ఇంకొకటి.

బెంచీ మీద మొదటి మనిషి మాఖౌహేలో. పాపకి బరువు చూడాలి.

పాపని తూకం బుట్టలో పెట్టి తిరిగేసరికి ఆవిడ టేబుల్ దగ్గరుంది. చదవడం రాదు ఆవిడకి. కూతురి పేరు మాత్రం వచ్చు — తన పేరు కూడా అదే కాబట్టి. వేలు పెట్టి, అక్షరం అక్షరం తడిమింది.

"ఇది మా పిల్లదే కదా."

"అవునమ్మా."

"పాతిపెట్టాం కదా."

"ఇది... ఇంకోటి. నేను రాసుకున్నాను."

"ఏం రాశావు తల్లీ? చదువు."

లారీ హారన్ కొట్టింది. ఏదో ఒకటి చెప్పొచ్చు. జబ్బు సంగతులే అమ్మా, నీకర్థం కావు — అనొచ్చు. రోజూ అంటూనే ఉంటాం మేం.

చదివాను.

"మొదటి రోజు. కాళ్ళవాపు. పడుకుంటే ఆయాసం. బీరువాలోంచి నీరు లాగే మాత్ర తీసి ఇచ్చాను. రెండో రోజు. వాపు మోకాలి కిందికి దిగింది. మూడో రోజు. వెల్లకిలా పడుకుని నిద్రపోయింది..."

ఆవిడ కళ్ళు మూసుకుంది. అంబలి దగ్గర పెదాలు కదిలాయి. పదకొండో పేజీలో ఖౌహేలో బిడ్డనెత్తుకుని ఊట దాకా నడిచి, నీళ్ళు తెచ్చింది. ఆవిడ తల ఊపింది — అవును, అలాగే నడుస్తుంది అది, అన్నట్టు.

చదవడం అయిపోయింది.

పాప బుట్టలో కాళ్ళు ఆడిస్తోంది.

ఆవిడ కళ్ళు తెరిచింది. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా, నా వెనక్కి చూసింది.

"ఆ బీరువానా?" అంది.

బయట హారన్. మళ్ళీ హారన్. డ్రైవర్ ఎవరినో కేకేస్తున్నాడు, వాన పడేలా ఉంది తొందరగా తెమ్మని. కట్ట నా చేతిలో ఉంది. దారం వేలికి కోసుకుంటోంది.

ఆవిడ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. నా జవాబు కోసం ఎదురు చూస్తోంది.

దుప్పటిలోంచి ఆవిరి లేస్తోంది. తెరిచిన తలుపులోంచి పొగమంచు, గడప దాటి, మెల్లగా... ఆవిడ పక్కన.

తడిసిన ఉన్ని వాసన.