రొయ్యల దారికి అడ్డంగా

నేను ఒక ఇనుప గొలుసును. ఇదిగో, ఈ నిమిషాన నా మీద గొడ్డలి దెబ్బలు పడుతున్నాయి! ఇటు ఐసు వ్యాను, అటు వరహాలమ్మ చెరువు. పొద్దున్నే రొయ్యలకు తెల్లమచ్చ తెగులు కనిపించింది. ఈ పూటే పట్టి ఐసులో వేయకపోతే పంటంతా చచ్చి తేలుతుంది. మధ్యలో దారికి అడ్డంగా నేను, నాకో కొత్త తాళం.

"కొట్టండ్రా!" అని వరహాలమ్మ అరుస్తోంది.

కొడితే తెగుతానా? కొలిమిలో పుట్టి, గోదావరి వరదలో జనాన్ని దాటించే పంటు పడవను రేవుకు కట్టిపడేసిన ఒళ్ళు నాది. వంతెన వచ్చాక పాత ఇనప కొట్టుకు చేరితే సర్వారాయుడు కొన్నాడు. తన పొలంలోంచి పోయే రొయ్యల వ్యాన్లు ఉప్పునీళ్ళు కార్చి వరిని చంపుతున్నాయని నన్ను దారికి కట్టాడు. వరహాలమ్మ కోర్టుకెక్కింది. కేసు తేలేదాకా దారి మూయొద్దు, మూస్తే జైలేనన్నారు జడ్జిగారు. సర్వారాయుడు నన్ను విప్పి గట్టున పడేశాడు. పంటును ఒడ్డుకు చేర్చినన్నాళ్ళూ నా పేరెత్తని మనుషులు, అడ్డం పడ్డాక నా మీద కట్టలకొద్దీ కాగితాలు రాశారు!

మరి మళ్ళీ కట్టిందెవరు? నాకు తెలుసు. నోరే లేదు.

"నేను కాదు చెల్లెమ్మా, ఒట్టు! ఆ తాళమే నాది కాదు." సర్వారాయుడు మొత్తుకుంటున్నాడు.

"ఆ కబుర్లు జడ్జిగారికి చెప్పుకో. ఫొటో తీసి లాయరుగారికి పంపేశాను. జైల్లో కూడా వరన్నమే పెడతార్లే!" అన్నాడు వరహాలమ్మ తమ్ముడు త్రిమూర్తులు.

"జైలు సంగతి తర్వాత. చెరువులోకి దిగండ్రా, ట్రేలు మోసుకెళ్దాం. నువ్వూ దిగరా!" అంది వరహాలమ్మ తమ్ముడితో.

"నాకు నడుం నొప్పక్కా..."

"దిగుతావా, తొయ్యమంటావా?"

దిగాడు. తడి లుంగీ ఎగ్గట్టి, నెత్తిన ట్రేతో నన్ను దాటబోయాడు. లుంగీ నా కొక్కేనికి తగులుకుంది. లాగాడు. నేను వదల్లేదు. లుంగీయే ఊడొచ్చింది! గోచీతో నిలబడ్డ అతని మొలతాడుకు కొత్త తాళంచెవి తళతళలాడింది.

అంతా ఘొల్లుమన్నారు. వరహాలమ్మ నవ్వలేదు. తాళంచెవి లాక్కుని తాళంలో తిప్పింది. గలగలమంటూ నేలమీద పడ్డాను. వ్యాను నా మీంచే చెరువు వైపు దూసుకుపోయింది.

"ఎందుకురా?"

"ఆయన్ని లోపలేయిస్తే కేసు మనదే అవుద్దని... పొద్దున్నకి తెల్లమచ్చ వస్తాదని నాకేం తెలుసక్కా?"

వరహాలమ్మ ఫోను తీసింది. ఊరంతా వింటుండగా గొంతెత్తి చెప్పింది.

"లాయరుగారూ, ఆ ఫొటో తీసెయ్యండి. దారి మూసింది రాయుడుగారు కాదు. మా తమ్ముడు త్రిమూర్తులు!"