ఎడమచేతి గీత

సానరాయి మీద నాలుగు నీటిచుక్కలు చల్లి ఐదో ఉలి నూరడం మొదలుపెట్టాడు వడ్రంగి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ప్రతి పొద్దున్నా ఇదే వరస. పెద్ద ఉలి ముందు, చిన్నది ఆఖరున. నూరిన ప్రతిదాన్నీ ఎడమచేతి గోటి మీద ఆనించి చూస్తాడు. జారితే మళ్ళీ రాయి మీదికి, పట్టుకుంటే సంచిలోకి. మొండి ఉలి, విచారించకుండా తీర్పు చెప్పే హెడ్మాస్టరు, ఈ రెండింటినీ అతను జన్మలో క్షమించలేదు.

ఒక్కటే గది. కిటికీ పక్కన అతను తన చేతులతో చేసిన మంచం, మంచం మీద మూడు దిళ్ళకు చేరగిలబడి తమ్ముడు. పూర్తిగా పడుకుంటే ఊపిరాడదు. పదమూడో ఏట కలప కోత మిల్లులో చేరినవాడు ముప్పై ఏళ్ళకు పైగా మింగిన రంపపు పొట్టంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇక మందులతో పని లేదని, తినాలనిపించింది పెట్టమని డాక్టరు నిన్ననే చెప్పి పంపాడు. తమ్ముడికి ఏదీ తినాలనిపించడం లేదు. అతను ఆకలిగా అడిగేది ఒక్కటే.

"ఇవాళేగా అన్నయ్యా?"

"ఇవాళే."

"వాడొస్తాడంటావా?"

"రాకేం? అధ్యక్షుడు లేకుండా సభేమిట్రా?"

తమ్ముడు దగ్గుకుని, దగ్గు తగ్గాక గోడకేసి చూస్తూ అన్నాడు. "వాడి మొహం ఎట్లా పెట్టాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. నీ సొంతం ఏం కలపకూడదు."

"నేను కలపడమెందుకు? వాడే పెడతాడు చాలినంత."

నవ్వొచ్చింది తమ్ముడికి. నవ్వితే మళ్ళీ దగ్గు. వీపు నిమురుతూ నిలబడ్డాడు వడ్రంగి. అరచేతి కింద ఎముకలు ఒక్కొక్కటీ లెక్క తెలుస్తున్నాయి.

సంచి భుజాన వేసుకోబోతుంటే తమ్ముడు ఎడమచెయ్యి చాపాడు. "ఆ చిన్న ఉలి ఇక్కడ పెట్టి వెళ్ళు."

"ఎందుకురా?"

"ఊరికే. ఏం చేసుకుంటానులే, నీకంత అనుమానమెందుకు?"

అనుమానం వచ్చిన మాట నిజమే. కానీ ఆ కళ్ళలో చావాలన్న చూపు లేదు, ఇవాళ్టి సభ సంగతి తెలుసుకునేదాకా చావనన్న మొండితనమే ఉంది. ఉలి కిటికీ గట్టు మీద పెట్టాడు. పక్కింటి పిన్ని తలుపు తట్టి, "కాస్త చూస్తుండు పిన్నీ, నాలుగింటికల్లా వచ్చేస్తా" అని చెప్పి బయల్దేరాడు.

బడి వెనకాల రేకుల షెడ్డు అతని రాజ్యం. కాళ్ళు విరిగిన బెంచీలు ఒక మూల, నల్లబల్లల చట్రాలు ఇంకో మూల. పిల్లలు చెక్కిన పేర్లను, బాణాలను, పువ్వులను, లెక్కల మాస్టారి మీది తిట్లను చిత్రిక పట్టి చదును చేయడమే అతని ఉద్యోగంలో ముప్పావు వంతు. అందుకే పిల్లలు చిత్రిక తాత అంటారు. పేరు చెరిపేముందు ఒకసారి చదువుతాడు, ఎవరన్నది ఎవరికీ చెప్పడు. పిల్లలు చెక్కకపోతే బెంచీ ఎందుకు, నేనెందుకు అంటాడు హెడ్మిస్ట్రెస్‌తో. నెలాఖరుకు అతనికి పదవీ విరమణ.

ఒక్క చెక్కను మాత్రం అతని చిత్రిక ఎప్పుడూ తాకలేదు. నలభై మూడేళ్ళ కిందటిది. అప్పుడీ షెడ్డు నాన్నది. ఎనిమిదో తరగతి ఆఖరి బెంచీ మీద ఎవరో అప్పటి హెడ్మాస్టరు బొమ్మ చెక్కారు. నున్నటి గుండు, బిందె చెవుల్లాంటి చెవులు, చీపురు మీసం. తరగతంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. హెడ్మాస్టరు నవ్వలేదు. ఆ బెంచీ మీద కూర్చునేది ఇద్దరు. ఒకడు బడి పాలకసంఘం పెద్దమనిషి కొడుకు, ఇంకొకడు వడ్రంగి చిన్నకొడుకు. ఉలి ఎవరింట్లో ఉంటుంది? వడ్రంగి ఇంట్లోనే కదా! అంతే, విచారణ అయిపోయింది. పేరు కొట్టేసి, చేతిలో కాగితం పెట్టి పంపేశారు. నడవడి: చెడ్డది. ఆ రెండు మాటలు చూశాక చుట్టుపక్కల ఏ బడీ వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు.

పాడైన చెక్క విప్పి కొత్తది బిగించమన్నారు నాన్నను. విప్పాక నాన్న దాన్ని వెలుతురులో పెట్టి పెద్దకొడుకును పిలిచాడు. "చూశావట్రా? మీసం చివర కత్తి జారింది. గీత ఎడమవైపుకు పోయింది. కుడిచేత్తో చెక్కేవాడికే అట్లా జారుతుంది. వాడి ఎడమ బొటనవేలు తెగి ఉండాలి." చిన్నకొడుకు పుట్టు ఎడమచేతివాటం. వాడి వేళ్ళ మీద గాటు కూడా లేదు. పాలకసంఘం పెద్దమనిషి కొడుకు మాత్రం రేకు గీసుకుందని ఎడమ బొటనవేలికి కట్టు కట్టుకుని తిరుగుతున్నాడు. ఇంత తెలిసీ నాన్న వెళ్ళి చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆ భయాన్నీ, ఆ చెక్కనూ కలిపి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టి, తర్వాత పెద్దకొడుక్కి అప్పగించి పోయాడు. నాన్న మీద అతనికి ఇప్పటికీ కోపమే. పోయినవాడి మీద కోపమేమిటని ఎవరైనా అంటే, పోయినా తగ్గలేదు, ఏం చెయ్యమంటావు అంటాడు.

కట్టు కట్టుకున్న ఆ కుర్రాడు పెద్దవాడై శాసనసభ్యుడయ్యాడు, సభాసంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలల క్రమశిక్షణ బిల్లు తెచ్చాడు. అందులో ఐదో సెక్షన్ పత్రికలో వచ్చిన రోజున వడ్రంగి దాన్ని తమ్ముడికి రెండుసార్లు చదివి వినిపించాడు. పాఠశాల ఆస్తిని పాడుచేసిన విద్యార్థి పేరు తొలగించాలి, కారణం సర్టిఫికెట్‌లో రాయాలి, మూడేళ్ళపాటు మరే ప్రభుత్వ పాఠశాలా చేర్చుకోరాదు. దాని మీద ప్రజల అభిప్రాయం వినడానికి సంఘం ఊరూరా తిరుగుతోంది. తాను చదువుకున్న బడి అని అధ్యక్షుడు ముచ్చటపడి ఇక్కడా ఒక సభ పెట్టించాడు. ఐదుగురు కూర్చునేందుకు మంచి బల్ల కావాలి మేస్త్రీగారూ అని హెడ్మిస్ట్రెస్ అడిగింది. వడ్రంగి అటకెక్కి గోనెసంచి దించాడు.

పదకొండింటికి హాలు నిండింది. తల్లులు, తండ్రులు, టీచర్లు, పత్రికలవాళ్ళిద్దరు. కొత్త బల్ల మీద పచ్చబట్ట, బట్ట మీద ఐదు మంచినీళ్ళ గ్లాసులు. నడిమి కుర్చీలో అధ్యక్షుడు. నిండు మనిషి, నెరిసిన జుట్టు, ఎవరు పలకరించినా పాత చుట్టంలా నవ్వే మొహం. పక్కన మిషన్ ముందు స్టెనో అమ్మాయి.

"ఇక్కడ మాట్లాడే ప్రతి మాటా రికార్డులోకి వెళ్తుంది. మీదైనా సరే, నాదైనా సరే" అని మొదలుపెట్టాడు అధ్యక్షుడు. "చివర్లో ఎవరి మాటల కాపీ వాళ్ళకు నా సంతకంతో ఇస్తాం. దాచేదేమీ లేదు."

ఆ మాట వింటుంటే వడ్రంగికి ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. ఇరవై మందిలో అతనిది పదకొండో పేరు. ఏం మాట్లాడతారు అని హెడ్మిస్ట్రెస్ అడిగితే, బల్లల గురించమ్మా అన్నాడు. వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ముందుకు నడిచాడు.

"అయ్యా, ఆ బట్ట ఒకసారి తీయాలి. నేను చెప్పేది దాని కిందుంది."

ఎవరూ లేవకముందే తనే గ్లాసులు ఒక్కొక్కటీ ఎత్తి కింద పెట్టాడు. తొందరపడలేదు. నలభై మూడేళ్ళు ఆగినవాడికి ఐదు గ్లాసులు ఒక లెక్కా? బట్ట మడతలు పెట్టుకుంటూ లాగాడు. అధ్యక్షుడి రెండు చేతుల మధ్య, బల్లలో బిగించిన పాత చెక్క మీద గుండు, బిందె చెవులు, చీపురు మీసం బయటపడ్డాయి.

అధ్యక్షుడి మొహంలో ఒక్క క్షణం నెత్తురు చుక్క లేదు. వడ్రంగి కళ్ళార్పకుండా చూశాడు, తమ్ముడికి చెప్పాలి కదా. కాదంటాడు, ఎవరిదో నాకేం తెలుసంటాడు. అప్పుడు గీత ఎటు జారిందో చూపించి, ఆ బొటనవేలు చాపమనాలి. అన్ని మాటలూ నెలరోజులుగా కూర్చుకుని ఉన్నాడు.

అధ్యక్షుడు మాత్రం పకపకా నవ్వాడు. "అరే! మా హెడ్మాస్టరుగారు! ఇదింకా ఉందా మేస్త్రీ?" అంటూ హాలువైపు తిరిగాడు. "నేనే చెక్కానండీ, ఎనిమిదో తరగతిలో. ఇదిగో, ఈ మచ్చ దాని బహుమానమే!" ఎడమ బొటనవేలు ఎత్తి అందరికీ చూపించాడు. హాలంతా నవ్వు. పత్రికలవాళ్ళు కూడా నవ్వారు.

వడ్రంగి ఆ మచ్చనే చూస్తున్నాడు. తండ్రి నోరు విప్పలేకపోయిన నిజం, తమ్ముడి బతుకును మిల్లు పొట్టులో పాతిపెట్టిన నిజం, వీడికి నవ్వులాట. వీడు దాచిపెట్టలేదు. వీడికి గుర్తు కూడా లేదు! ఆ బెంచీ మీద పక్కన ఇంకొకడు కూర్చునేవాడన్న సంగతే గుర్తు లేదు.

జేబులోంచి నాలుగు మడతల పాత సర్టిఫికెట్ తీసి ఆ చీపురు మీసం మీద పరిచాడు. "దీనికి బడి నుంచి తీసేసింది మిమ్మల్ని కాదు సార్. మా తమ్ముణ్ణి. చదవండి."

అధ్యక్షుడు చదివాడు. కారణం: పాఠశాల ఆస్తిని పాడుచేయుట. ఐదో సెక్షన్‌లో ఉన్న మాటలే.

నవ్వు ముందు వరుసలో ఆగింది, తర్వాత వెనక వరుసల్లో. స్టెనో అమ్మాయి తల ఎత్తి అమాయకంగా అడిగింది. "సార్, మీరే చెక్కానన్నారు కదా, అది రాసుకోమంటారా?"

"అది... ఏదో సరదాకి అన్నదమ్మా..."

"ప్రతి మాటా అన్నారుగా. రాయమ్మా" అంది సంఘంలోని ముసలి సభ్యురాలు.

"ఇంకొక్కటి కూడా రాయాలమ్మా" అన్నాడు వడ్రంగి. "మీ బిల్లు ప్రకారం ఇప్పుడెవరి పేరు కొట్టెయ్యాలి సార్?"

అధ్యక్షుడు ఆ కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మూశాడు. "అప్పుడు ఈ చట్టం లేదు కదా" అన్నాడు.

"లేదు. అయినా మావాడికి శిక్ష పడింది."

ఇంకో పదినిమిషాలకు ముసలి సభ్యురాలి మాట మీద ఐదో సెక్షన్ పక్కన పెట్టారు. హాల్లో చప్పట్లు కొట్టారు. వడ్రంగికి అవేవీ పట్టలేదు. తల్లులు మెచ్చుకుంటుంటే తల ఊపాడంతే. అతనికి కావలసింది ఆ మనిషి సంతకం.

మిగతా తొమ్మిది మంది మాట్లాడేసరికి నాలుగయింది. కాపీలు టైపు కావాలి. "మేస్త్రీగారూ, ఇంట్లో మనిషికి బాగోలేదన్నారు, మీరు వెళ్ళండి. రేపు తీసుకోవచ్చు" అంది హెడ్మిస్ట్రెస్.

"రేపటికి మాట మారిపోతుందమ్మా. వెచ్చగా ఉండగానే తీసుకోవాలి."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగున్నర. ఐదు. ఆలస్యమవుతోందని తెలుసు, లేవబుద్ధి కాలేదు. తమ్ముడి చేతిలో ఆ కాగితం పెట్టే క్షణాన్ని మళ్ళీ మళ్ళీ ఊహించుకుంటూ, ఊహించుకున్నకొద్దీ ఇంకాసేపు కూర్చోగలిగాడు. ఐదున్నరకు అధ్యక్షుడు తలెత్తకుండా సంతకం చేశాడు. కలం కుడిచేతిలో ఉంది. ఎడమ బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. ఇది కూడా చెప్పాలి వాడికి, అనుకుంటూ పరుగులాంటి నడకతో ఇంటిదారి పట్టాడు.

గుమ్మంలో పిన్ని కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచి నిలబడింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఐదింటికి, నాయనా. బాధేం పడలేదు. మధ్యాహ్నమంతా కిటికీవైపు తిరిగి ఏదో పని చేసుకుంటూనే ఉన్నాడు. నాలుగైనప్పట్నుంచీ అన్నయ్య వచ్చాడా, వచ్చాడా అని అడిగాడు. దారిలో ఉన్నాడులే అన్నాను."

దారిలో లేడు. వరండాలో కూర్చుని ఉన్నాడు. సంతకం కోసం. ఆ గంటన్నర ఇక ఎవరూ తిరిగి ఇవ్వరు. అధ్యక్షుణ్ణి తిట్టుకోబోయాడు. ఈ ఒక్కదానికి వాణ్ణి తిట్టడం కుదరలేదు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాగితం విప్పి, గొంతు సవరించుకుని, చదవడం మొదలుపెట్టాడు. మొదటి మాట నుంచి చివరి సంతకం దాకా, ఉన్నదున్నట్టు, సొంతం ఏమీ కలపకుండా. వాడి మొహం తెల్లబోయిందిరా అని మాత్రం మధ్యలో ఒకసారి అన్నాడు. అది కాగితంలో లేదు. పిన్ని గుమ్మంలోనే నిలబడి వింది.

చదవడం అయ్యాక కాగితం తమ్ముడి ఎడమచేతిలో పెడదామని ఆ చెయ్యి ఎత్తాడు. అప్పుడు కనిపించింది, వేళ్ళ మధ్య చిన్న ఉలి. దుప్పటి మీద సన్నటి చెక్క రజను. దిండు కాస్త పక్కకు జరిపాడు.

నలభై మూడేళ్ళుగా బెంచీలు పాడుచేసినవాడన్న పేరు మోసి, బతుకంతా ఏ చెక్క మీదా ఒక్క గీతైనా గీయనివాడు మధ్యాహ్నమంతా కూర్చుని చేసిన పని అది. మంచం పట్టె మీద నున్నటి గుండు, బిందె చెవులు, సగం మీసం. మీసం చివర ఉలి జారిన గీత కుడివైపుకు పోయింది.