గూని చెట్టు మీద సున్నపు గీతలు

ఆ కొమ్మని విరగ్గొట్టింది మీరు. పార్కుల శాఖ సూపరింటెండెంటు గారూ, మీరే. ఉచిత సంగీతం అంటూ ఊరంతా గుడ్డ బ్యానర్లు కట్టిన కమిటీ వాళ్ళు మీకు తోడు. అది మీదపడి ఒక పెద్దావిడ భుజం ఎముక విరిగితే, నేరం తోటమాలి నెత్తిన రుద్ది, నాలుగు రోజుల్లో రిపోర్టు రాసి చేతులు దులుపుకున్నారు. "బలహీనమైన చెట్లకు గుర్తు పెట్టమని నోటిమాటగా చెప్పినా తోటమాలి పెట్టలేదు" అని రాశారు. ఆ ఒక్క వాక్యంతో ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఊడింది. కొడవలితో సహా పనిముట్లు లాక్కున్నారు. నెలాఖరుకి షెడ్డు వెనక గది ఖాళీ చెయ్యమన్నారు. ఆ తోటమాలి మా బావ. ఆ గదిలో కాపురం మా అక్కది.

బావ గుర్తు పెట్టాడు. అది నాకెలా తెలుసో చెప్తాను.

పార్కు తూర్పు గేటు ఎదురుగా నాది సైకిళ్ళు బాగుచేసే షాపు. ఊరికే వచ్చేదాన్ని నేను నమ్మను. ఊరికే గాలి కొడతానని బోర్డు పెట్టినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. గాలికొచ్చినవాడు ఎప్పుడో ఒకప్పుడు టైరుకొస్తాడు. ఆరు శనివారాలు ఆరు పార్కుల్లో జాజ్ సంగీతం, అందరికీ ఉచితం అని గేటుకి గుడ్డ కట్టగానే నాకు మనసు మనసులో లేదు. వీళ్ళు అమ్మబోయే టైరేమిటి?

టేపు పట్టుకుని ఇద్దరు వచ్చారు. గడ్డి కొలిచారు, గేటు కొలిచారు, ప్రహరీ గోడ కూడా కొలిచారు. ఎందుకని అడిగితే స్టేజీకన్నారు. ఒక మూల వేసే స్టేజీకి నాలుగు మూలలూ కొలవడమెందుకు? బుధవారం నాడు కమిటీ మేనేజరు పక్కన మా బావ నడుస్తున్నాడు. ఆయన చేతిలో టీ, బావ చేతిలోనూ టీ. బావకి టీ ఇప్పించిన పెద్దమనిషిని అంతకుముందు నేను చూడలేదు.

ఆ సాయంత్రమే అక్క వాళ్ళ గదికి వెళ్ళి నిలదీశాను. బావ కొడవలి నూరుకుంటూ తల ఎత్తలేదు. పనయ్యేదాకా ఎవరికీ ఏమీ చెప్పొద్దని ఆఫీసులో అన్నారని మాత్రం అన్నాడు. నాకది చాలు. ఎంతకి కొన్నారు బావా నిన్ను, అని అడిగేశాను. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"నీ నీడ కనిపించినా నిన్నెవరు పంపారని అడిగే రకంరా నువ్వు," అంది. "కూర్చుని తింటావా, వెళ్తావా?"

తినకుండా వచ్చేశాను.

శుక్రవారం పొద్దున షాపు తలుపు తీస్తూ చూశాను. చెట్ల మీద ఛాతీ ఎత్తున సున్నపు గీతలు. తిరిగి లెక్కపెడితే పదకొండు చెట్లు. గేటు పక్కన నడుము వంచి నిలబడ్డ పెద్ద చెట్టుంది, దాన్ని మేమంతా గూని చెట్టంటాం. దానికి ఒకటి కాదు, రెండు గీతలు. వెనక వీధి వెడల్పు చేసినప్పుడు కొట్టెయ్యాల్సిన చెట్లకి ఇలాగే గీతలు పెట్టారు. ఇంక నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. శనివారం పాటలు, సోమవారం రంపాలు.

పొద్దున నడకకొచ్చే వాళ్ళని ఆపి అదే చెప్పాను. అందరికంటే ముందు నమ్మింది రిటైరైన నర్సమ్మ. గూని చెట్టు కింది బెంచీ ఆవిడదే అన్నట్టు రోజూ అక్కడే కూర్చుంటుంది. గీతే లేకపోతే ఏ చెట్టు కొట్టాలో వాళ్ళకేం తెలుస్తుంది, అందావిడ. తెలివైన మాటే అనిపించింది. రిమ్ముల తుప్పు గీకే తీగ బ్రష్షులు, తడి గోనెపట్టలు, రెండు బకెట్ల నీళ్ళు తెచ్చాను. మొత్తం తొమ్మిది మందిమి. గంటలో పదకొండు చెట్లూ తోమిపారేశాం. గూని చెట్టు నా వంతు, నర్సమ్మ వంతు. తెల్లదనం పోయేదాకా బెరడు గీకాను.

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది. సూపరింటెండెంటు గారూ, దిగింది మీరే. చెవి దగ్గర ఫోను. మమ్మల్ని చూశారు, బకెట్లు చూశారు. ఏం చేస్తారో చెయ్యండి అన్నట్టు నేను బ్రష్షు ఎత్తి చూపించాను కూడా. మీరు మాట్లాడకుండా మళ్ళీ జీపెక్కారు. మాకు భయపడ్డారనుకుని చప్పట్లు కొట్టుకున్నాం. బావ ఆ రోజు పార్కులో లేడు, మర్నాడూ లేడు. కుర్చీలు మొయ్యమని ఇంకో పార్కుకి తోలారు. తోలింది కూడా మీరే.

శనివారం నాలుగింటికి సంగీతం మొదలైంది. తప్పు పట్టుకుందామనే వెళ్ళాను. జాజ్ అంటే ఏమిటో నాకు తెలీదు. ఒకడు ఎత్తుకున్న మాటని ఇంకొకడు లాక్కుంటాడు, మూడోవాడు అడ్డం తిరుగుతాడు, నాలుగోవాడు వెనక నుంచి సర్దిచెప్తాడు. అక్కా బావల మధ్య కూర్చుని భోంచేసినట్టే ఉంది. నా కాలు దానంతటదే ఆడింది. ఆ కాలు మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

చెట్లన్నిటికీ లైట్లు కట్టారు. గూని చెట్టు కొమ్మకి ఇనుప చట్రం బిగించి రెండు పెద్ద స్పీకర్లు వేలాడదీశారు. ఐదున్నరకి ఆ కొమ్మ మొదలంటా ఊడింది. పెద్ద చప్పుడేం రాలేదు, తడిగుడ్డ చింపినట్టు వినిపించింది, అంతే. కింద బెంచీ మీద నర్సమ్మ. స్పీకర్లు పక్కన పడ్డాయి, కొమ్మ ఆవిడ భుజం మీద పడింది.

ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాక విరిగిన చోట చెయ్యి పెట్టి చూశాను. మోచేతి దాకా దిగింది. లోపలంతా పొడి.

డ్రమ్ములు వాయించే ఆయన స్టేజీ దిగొచ్చి పుల్లతో ఆ మాను మీద తట్టాడు. పక్క చెట్టు మీద తట్టి, మళ్ళీ దీని మీద తట్టి, చెవి ఆనించి విన్నాడు. గురువారం తను స్థలం చూసుకోవడానికి వచ్చినప్పుడు ఒకాయన కొడవలి పిడితో చెట్టు చెట్టునీ ఇలాగే తట్టి వింటున్నాడట. ఆ చెవి చూసి తనకే ముచ్చటేసిందన్నాడు.

"గుల్లగా ఉన్న చెట్లకి ఆయన తెల్ల గీతలు పెట్టాడు కదండీ," అన్నాడు నాతో. "ఏమయ్యాయి అవి?"

నా గోళ్ళలో సున్నం ఇంకా పోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

నోరు తెరవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఈలోపు మీ రిపోర్టు వచ్చింది. ఆస్పత్రిలో నర్సమ్మ పక్కన తలవంచుకుని కూర్చుంటే ఆవిడే అంది:

"గీత తుడిచింది మనమేగా బాబూ. నా ఎముకదేముంది, అతుక్కుంటుంది. అతని ఉద్యోగం ఎవరు అతికిస్తారు?"

అక్కణ్ణించి బావ దగ్గరికి వెళ్ళాను. సామాను మూటలు కడుతున్నాడు. ఒక్క మాట నా చెవిన వేస్తే ఇంత జరిగేదా అన్నాను. నిజంగానే అలా అన్నాను, సిగ్గు లేకుండా.

"ఎంతకి కొన్నారని అడిగినవాడికి చెట్ల సంగతి ఏం చెప్పనురా," అన్నాడు.

అక్క నన్ను కూర్చోమనలేదు. తింటావా అని కూడా అడగలేదు.

మర్నాడు మీ ఆఫీసుకొచ్చాను. గీతలు తుడిచింది నేనని మీ బల్ల ముందు నిలబడి చెప్పాను. ఏ గీతలు, అన్నారు మీరు. రిపోర్టుకి తీసిన ఫోటోలో చెట్టు శుభ్రంగా ఉందన్నారు. బావమరిదివి కాబట్టి కథలల్లుతున్నావన్నారు. బ్రష్షు ఎత్తి చూపించినప్పుడు నా కళ్ళలోకి చూసిన మనిషి అన్న మాటలివి.

ఇప్పుడు నా అనుమానం వినండి. ఆ గీతలుంటే పదకొండు చెట్లకి లైట్లు, స్పీకర్లు కట్టకూడదు. స్తంభాలు పాతాలి, ముందురోజు పరిగెత్తాలి, కమిటీ వాళ్ళ చేత మాట పడాలి. తొమ్మిది మంది మూర్ఖులం బకెట్లతో వచ్చి మీ తలనొప్పి తుడిచిపెట్టాం. అందుకే మీరు జీపెక్కారు. నా అనుమానం ఒకసారి తప్పింది, దానికి నర్సమ్మ భుజం పోయింది. ఈసారి కూడా తప్పని మీరంటే, ఆ రోజు ఎందుకు ఆపలేదో నలుగురి ముందు చెప్పండి.

మిగతా పది చెట్లూ నిలబడే ఉన్నాయి. బెరడు మీద నా బ్రష్షు గీరలున్నాయి, పగుళ్ళలో సున్నం ఉంది. గోరుతో గీకితే వస్తుంది. ఎవరినైనా తీసుకురండి, చూపిస్తాను. మేం తొమ్మిది మందిమీ సంతకాలు చేశాం. నర్సమ్మ ఎడమ చేత్తో చేసింది. డ్రమ్ములాయన కూడా తను చూసింది రాసిచ్చాడు.

వచ్చే శనివారం అవే స్పీకర్లు నది వైపు పార్కుకి వెళ్తున్నాయి. అక్కడా చెట్లే, కింద బెంచీలే. అందుకని ఆ వాక్యం ఇవాళే కొట్టెయ్యండి. తోటమాలి గుర్తు పెట్టాడు, ఫలానా తొమ్మిది మంది తుడిచారు, సూపరింటెండెంటు చూస్తూ ఊరుకున్నాడు అని రాయండి. కేసు పెట్టాలనుంటే నా మీద పెట్టండి, షాపు గేటు ఎదురుగానే ఉంది. మా బావ కొడవలి మా బావకి ఇవ్వండి. గురువారం అతను నది పార్కులో చెట్టు చెట్టునీ తట్టి వినాలి, అతను సరే అనేదాకా ఒక్క తీగ కూడా పైకెక్కకూడదు. అతని గీతలకి ఈసారి కాపలా నేనుంటాను.