సముద్రంలో అత్తయ్య దీపం

మా అత్తయ్య అన్నమ్మతో నాకు ఏ విషయంలోనూ తగువు లేదు, ఒక్క ప్రార్థన విషయంలో తప్ప.

మా ఇల్లు సూర్యలంక ఒడ్డుకు దగ్గరే. మునిచీకటి వేళ చూస్తే సముద్రం మీద దూరంగా ఎర్రటి మంట కనబడుతుంది. గ్యాసు తీసే ప్లాట్‌ఫారం అది. మిగిలిన గ్యాసును అక్కడే గొట్టం చివర తగలబెడతారు. మా ఆయన అజయ్ బాబు ఉద్యోగం దాని మీదే. వెళ్తే ఆరు వారాలు, వస్తే మూడు వారాలు. వచ్చిన మొదటి వారం నిద్రపోతారు, చివరి వారం బ్యాగు సర్దుకుంటారు. నడుమ మిగిలిన వారంతో కాపురం చేయమంటే ఎవరు చేస్తారండీ? నేను చేస్తున్నాను.

అత్తయ్యకు మాత్రం ఆ మంట కొడుకు వెలిగించిన దీపం. రోజూ ఒడ్డుకు వెళ్లి చూసి, "నా బిడ్డ చల్లగా ఉన్నాడు" అనుకుంటే గాని ఆమెకు ముద్ద దిగదు.

ఆ మంటను ఆర్పే పనే ఆయనకు అప్పగించారు. గాలిలోకి అంత పొగ వదలకూడదని కంపెనీ కొత్త యంత్రం తెచ్చింది. తగలబడే గ్యాసును పట్టి పైపులో ఒడ్డుకు పంపేస్తుందట. పోయినసారి వెళ్తూ ఆయన నాతో రహస్యంగా చెప్పారు.

"మంట ఆరిందా, సగం మందికి అక్కడ పనుండదు రూబీ. రేపల్లె ఆఫీసులో కూర్చుని చూసుకోవడమే. రోజూ సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేస్తా."

"అత్తయ్యకి చెప్పనా?"

"ముందు ఖాయం కానివ్వు. అమ్మకి చెబితే ఊరంతా చాటేస్తుంది."

రోజూ సాయంత్రం! ఆ మాట పట్టుకుని ఎన్ని కలలు కన్నానో చెబితే నవ్వుతారు. వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి లేచేదాన్ని. తెనాలి నుంచి మా అక్క సారా ఫోన్ చేసి, కూరలో ఉప్పెక్కువైందని మా బావ రోజూ తగువేసుకుంటున్నాడని ఏడ్చింది. "ఊరుకోవే, తగువాడ్డానికైనా ఇంట్లో మనిషున్నాడు" అని విసుక్కున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్లుగా ఉండేది.

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. ఎవరెవరికి ఏ మనవులున్నాయో చెప్పమన్నారు పాస్టరయ్యగారు. అత్తయ్య ముసుగు సర్దుకుంది.

"సముద్రంలో మా అబ్బాయి దీపం ఎన్నటికీ ఆరిపోకుండా ప్రార్థించండి అయ్యగారూ."

గదంతా ఆమేన్ అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది అటు లాగుతుంటే నా ఒక్కదాని ప్రార్థన ఏ మూలకొస్తుంది? పళ్లు బిగబట్టి, "వాళ్ల మాట వినకు తండ్రీ, ఆర్పెయ్" అని లోలోపలే బతిమాలుకున్నాను.

నెల తిరక్కుండా మంట ఆరిపోయింది. ఆ సాయంత్రం సముద్రం మీద ఏమీ కనబడక అత్తయ్య ఇసుకలో కూలబడి, "అయ్యో నా బిడ్డా!" అని గుండెలు బాదుకుంది.

"ఏం కాలేదత్తయ్యా, ఆయనే ఆర్పేశారు! ఇక ఇంటికొచ్చేస్తారు!" అని ఆమెను పట్టుకుని సంగతంతా చెప్పాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

అత్తయ్య నా వీపు మీద ఒక్కటిచ్చింది. "ముందే చెప్పి చావొచ్చుగా! నేనూ ఆర్పెయ్యమనే అడిగేదాన్ని గదే!"

అంతలో ఫోన్ మోగింది.

"ఏంటి కూర?" అన్నారు ఆయన. ఎప్పుడు చేసినా మొదటి మాట అదే.

"మీరొచ్చిన రోజున చేపల పులుసు. ఎప్పుడొస్తున్నారో చెప్పండి."

ఆయన వేరే సంగతి ఎత్తుకున్నారు.

"మేం బాగా చేశామని పైవాళ్లు మెచ్చుకున్నారు రూబీ. బొంబాయి సముద్రంలో ఇలాంటి మంటలు ఇంకా ఉన్నాయంట. వాటినీ నన్నే ఆర్పమంటున్నారు."

"మరి రేపల్లె?"

"అక్కడికి వేరేవాళ్లని వేశారు."

"కాదనండి."

"కాదంటే ఉద్యోగం ఉండదే."

"ఎన్నాళ్లు?"

"తెలీదు."

మంచి పనే, కాదనను. లోకానికి మేలే. కానీ నాకు మనిషి కావాలి. ఫోను అత్తయ్య చేతిలో పెట్టేశాను. ఆమె ఊఁ, ఊఁ అంటూ విని, "జాగ్రత్త నాయనా" అని పెట్టేసింది.

"బొంబాయి సముద్రం ఎటేపే?" అని అడిగింది.

"ఇటు కాదత్తయ్యా. మన వెనకాల, చాలా దూరం."

అత్తయ్య లేచి, చీరకంటిన ఇసుక దులుపుకుని, సముద్రానికి వీపు పెట్టి సరుగుడు తోట వైపు తిరిగి నిలబడింది. నేనూ ఆమె చెయ్యి పట్టుకుని అటే తిరిగాను.