ఈ లేబులు ఎవరు అంటించారు?

మా మేనకోడలు రెండేళ్లు విదేశంలో చదివి వచ్చి, ఆసుపత్రి ల్యాబులో నా కిందే చేరింది. చేరిన రోజు నుంచీ దాన్ని ఆటపట్టించడమే నా పని. "అంత దూరం పోయి ఏం నేర్చుకొచ్చావు, ఫారిన్ మేడమ్? సూది అక్కడైనా ఇక్కడైనా ఒకేలా గుచ్చుకుంటుంది కదా!" అనేవాణ్ణి. నవ్వేసి ఊరుకునేది. ముప్పై ఏళ్ల సర్వీసు నాది. నా హస్తవాసి మీద డాక్టర్లకే గురి. నా మాటకు ఎదురుచెప్పినవాళ్లు లేరు, నేను చెప్పనిచ్చిందీ లేదు.

ఆ మధ్యాహ్నం ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్. కాన్పయిన అమ్మాయికి రక్తస్రావం ఆగడం లేదట, వెంటనే రెండు బ్యాగుల రక్తం కావాలట. ఆమె శాంపిల్ పొద్దున్నే పరీక్ష చేసి, బి పాజిటివ్ అని రాసి, బ్యాగులు సరిపోల్చి సంతకం కూడా పెట్టి ఉంచాను. వాటిని ట్రేలో పెట్టి పంపబోతుంటే మేనకోడలు ట్రే మీద చెయ్యి వేసింది.

"మామయ్యా, ఈమె ట్యూబుకి లేబులు ఎవరు అంటించారు?"

"నేనే. ఏం?"

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి? ఈ బల్ల మీదే."

మా దగ్గర పద్ధతి అది. వార్డులో నర్సులకు ఊపిరి సలపదు. ట్యూబులు ట్రేలో, పేర్ల చీటీలు విడిగా ఒక కట్టలో పంపిస్తారు. వరస చూసుకుని మేం అంటిస్తాం. ఆ పొద్దున వచ్చినవి రెండే. ఒకటి ఈ అమ్మాయిది, ఇంకోటి హెర్నియా ఆపరేషన్‌కి చేరిన పెద్దాయనది.

"అయితే ఇది ఆమె రక్తమేనని మనకు తెలీదు. ఇంకో శాంపిల్ తీద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. "పైన ప్రాణం పోతుంటే నీ పాఠాలేంటే? ముప్పై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను!"

"పది నిమిషాలు, మామయ్యా. తారుమారైతే ఈ బ్యాగే ఆమెను చంపేస్తుంది."

ఎవరికైనా ఎక్కించదగ్గ ఓ నెగెటివ్ వారం రోజులుగా నిండుకుంది. ఫోన్ మళ్లీ మోగింది. నాకంటే ముందు అదే అందుకుంది. "ఇంకా పంపడం లేదు డాక్టర్ గారూ. శాంపిల్ కోసం నేనే వస్తున్నాను" అంది. అవతల సర్జన్ అరుపులు నాకూ వినిపిస్తున్నాయి. బ్యాగులు ఫ్రిజ్‌లో పెట్టేసి మెట్ల మీదికి పరిగెత్తింది.

అది అటు వెళ్లగానే వాటిని నేనే పంపేద్దామనుకున్నాను. ఫ్రిజ్ తలుపు తెరిచాను కూడా. లేబులు ఎవరు అంటించారంటే నా దగ్గర జవాబుంది. ఆ రక్తం ఎవరిదంటే లేదు. భయమేసి తలుపు మూసేశాను.

థియేటర్‌లో ఆమె పక్కనే నిలబడి పేరు అడిగి, అక్కడే రాసి అంటించిన ట్యూబుతో అది తిరిగొచ్చింది. గాజు పలక మీద రక్తం చుక్కలు వేసి, పరీక్ష మందులు కలిపింది. బి గ్రూపయితే రెండో చుక్క విరిగిన పాలలా గింజలు కట్టాలి. మొదటిదీ, రెండోదీ కట్టలేదు. ఆమెది ఓ పాజిటివ్. పొద్దున ఆమె పేరుతో నేను పరీక్షించింది ఆ పెద్దాయన రక్తం.

సరైన బ్యాగులు వెతికి, సరిపోల్చి పంపాం. నాలుగింటికి గండం గడిచిందని కబురొచ్చింది.

"ఇంత ధైర్యం ఎవరు నేర్పారే నీకు?" అన్నాను.

"ధైర్యం కాదు మామయ్యా. అక్కడ చేరిన నెలకే నేనూ ఇదే తప్పు చేశాను. నా చదువు గోవిందా అనుకుని బాత్రూములో ఏడ్చాను. మా టీచరు తిట్టలేదు. ఎలా జరిగిందో రాసి, అందరికీ చెప్పమంది. ఇక్కడే చదివుంటే దాచేసేదాన్ని."

తప్పులు రాసే పుస్తకం మా ల్యాబులో లేదు. కొత్తది తీసి, తేదీ వేసి, 'ఒకటి' అని అంకె వేసి, నా పేరు రాశాను. అంతలో పెన్ను ఆగిపోయింది. ఆరేళ్ల కిందట రక్తం ఎక్కుతుండగానే చలిపుట్టి, వణికి వణికి చనిపోయిన లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. అతని ట్యూబుకి లేబులు అంటించిందీ నేనే, ఈ బల్ల మీదే. ఆయుష్షు తీరిందన్నాం. వాళ్ల ఆవిడ నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లింది.

"ఏమైంది మామయ్యా?"

'ఒకటి' కొట్టేశాను.

"ఇవాళ్టిది రెండోదమ్మా" అన్నాను.