పెద్దమేస్త్రీ డ్రోన్

పెంకుటిళ్ళ పని చేసేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పాత కప్పు మీద చెయ్యి వేసేముందు పెద్దవాడు ఒక్కడే పైకి వెళ్ళాలి. సుత్తి పిడితో పెంకులు తట్టుకుంటూ పోవాలి. కింద వాసం గట్టిదైతే ఒక చప్పుడు, పుచ్చితే ఇంకో చప్పుడు. గట్టిగా పలికిన చోట సుద్దతో గీత గీయాలి. వెనక వచ్చేవాడు ఆ గీతల మీదే అడుగు వేస్తాడు. ఎందుకని ఎవరూ అడగరు.

తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఆ గీతలు పెద్దమేస్త్రీయే గీశాడు. వాటి మీద నడిచినవాడు ఆయన తమ్ముడు చిన్నమేస్త్రీ. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. గీతలుండగా మాటలు అక్కర్లేదు.

పోయిన వానాకాలం ఒక గోదాము కప్పు మీద పెద్దమేస్త్రీ కాలు జారింది. పడలేదు. చూరు దాకా జారి, రెండు చేతులతో పెంకుల వరస పట్టుకుని ఆగాడు. కింద ఎవరూ లేరు. తమ్ముడు ఇసక తేవడానికి వెళ్ళాడు. అతను తిరిగి వచ్చేసరికి అన్న కింద కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. ఒంటి మీద గీరుకుపోయిన మరక కూడా లేదు. కాలో చెయ్యో విరిగి ఉంటే నలుగురికీ చెప్పుకోడానికి ఉండేది. ఏమీ కాలేదు కనక ఏమీ చెప్పుకోలేకపోయాడు.

ఆ తర్వాత నిచ్చెన సగానికి వెళ్ళేసరికి మోకాళ్ళు వణకడం మొదలైంది. అరచేతులకు చెమట పట్టి మెట్టు జారేది. పళ్ళు బిగించి ఎక్కిన రోజున కప్పు మీద కూర్చుని దిగలేక, ఏదో పని ఉన్నట్టు పెంకులు అటూ ఇటూ సర్దుతూ ఉండిపోయాడు. కప్పులు వేసేవాడికి ఎత్తంటే భయమంటే, చేపకి నీళ్ళంటే భయమన్నట్టే. పెళ్ళాం దగ్గర కూడా నోరు విప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం బావమరిది కొట్టుకు వెళ్ళాడు. అది ఫోన్లు బాగుచేసే కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు గుమ్మంలో ఆగాలి. బల్ల మీద ఊడదీసిన ఫోన్లు, గింజల్లాంటి మరలు. గోడకి వేలాడదీసిన పెట్టెల్లో నాలుగు ఫ్యాన్ల చిన్న డ్రోన్ ఒకటుంది.

"అదెంతలో వస్తుంది?"

"ఎవరికి బావా?"

"నాకే. ఊరికే, సరదాకి."

బావమరిది చేతిలో పని పక్కన పెట్టాడు. "సరదా? నీకా? నువ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో మా అక్కని అడగాలి."

"నేర్చుకునేవాడికి చవకది పనికొస్తుందా, రాదా, అది చెప్పరా."

"నేర్చుకోడానికైతే చవకదే మంచిది. ఖరీదుది గాలిలో దానంతటదే నిలబడుతుంది, నీకు చెయ్యి తిరగదు. ఇది నిలబడదు. ఏమరితే గాలి ఎటు లాగితే అటు పోతుంది. దీన్ని నిలబెట్టగలిగినవాడు దేన్నైనా నడుపుతాడు. పడినా గుండె పగలదు, రెక్క మార్చుకుంటే సరి. కానీ ఖాళీ జాగాలోనే బావా. ఇళ్ళ మీదా మనుషుల మీదా వద్దు. ఇది ఆటబొమ్మ. పనిముట్టు కాదు."

"ఊఁ."

"ఇంకోటి విను. దీని ముక్కు అవతలికి ఉన్నంతసేపు కుడి కుడే. ముక్కు మనవైపు తిరిగిందా, కుడి ఎడమైపోతుంది. కొత్తవాళ్ళంతా అక్కడే బోల్తా పడతారు."

"నాకు కుడీ ఎడమా తెలీదంటావేమిట్రా?"

"మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మా నాన్న చెప్పొకటి, నీ చెప్పొకటి వేసుకుపోయావు. అందుకని చెప్తున్నా."

పెద్దమేస్త్రీ నవ్వలేదు. పెట్టె చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

ఇటుకబట్టీ వెనక బీడులో నేర్చుకున్నాడు. పెంకులు మోసి మొద్దుబారిన వేళ్ళకు రిమోట్ మీది ఆ చిన్న పుల్లలు మొదట లొంగలేదు. డ్రోన్ తుమ్మపొదలో పడింది, బురదలో పడింది, ఒకసారి ఆయన నెత్తి మీదే పడింది. మెల్లగా దాన్ని ఇంటి కప్పంత ఎత్తున నిలబెట్టడం వచ్చింది. డ్రోన్ కెమెరా పైనుంచి చూపించేది కింద నిలబడి, రిమోట్‌కి బిగించిన ఫోన్లో చూస్తుంటే మోకాళ్ళు వణకలేదు. ఆ సంగతి తెలిసిన రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

తర్వాత దాన్ని పనికి తెచ్చాడు.

"ఇదేమిటన్నయ్యా?" అన్నాడు చిన్నమేస్త్రీ.

"ఎక్కి చూసే రోజులు పోయాయిరా. కాలం మారింది. ఇది చూస్తుంది, నేను చెప్తాను, నువ్వు ఎక్కు."

చిన్నమేస్త్రీ మురిసిపోయాడు. వీధిలో ఎవరు కనిపించినా "మా అన్నయ్యకి ఇప్పుడు గాల్లో ఓ కన్నుంది" అని చెప్పేవాడు. చిన్న చిన్న కప్పులు, కొత్త వాసాలు. ఏ ఇబ్బందీ రాలేదు. అందరూ తల పైకెత్తి డ్రోన్‌ని చూసేవారు. ఆయన కాళ్ళు నేల మీదే ఉన్నాయని ఎవరూ చూడలేదు.

అలా ఉండగా టీచరమ్మ కబురు పెట్టింది. ఆవిడ బడి ఉద్యోగం మానేసి ఒంటరిగా ఉంటోంది. పాత ఇల్లు. పుస్తకాల బీరువా మీద కప్పు కారుతోంది. కింద గిన్నె, గిన్నె చుట్టూ గోనెపట్టా, పట్టా మీద తడి పుస్తకాలు విప్పి ఆరబెట్టి ఉన్నాయి.

ఆ పొద్దున గాలి విసురుగా ఉంది. పెద్దమేస్త్రీ వాకిట్లో నిలబడి డ్రోన్ లేపాడు. కప్పు దాటేదాకా బాగానే వెళ్ళింది. కప్పు రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గర గాలి దాన్ని గిర్రున తిప్పింది. ఆయన పుల్లలు గట్టిగా పట్టుకుని ఎలాగో ఆపాడు. ఫోన్లో ముందు కప్పు కనిపించింది. బొమ్మలో ఎడమపక్క పెంకులు నల్లబడి కొద్దిగా కుంగి ఉన్నాయి. కుడిపక్క సమంగా ఉంది. చూడవలసింది చూశానని గబగబా దింపేశాడు. దిగేటప్పుడు డ్రోన్ ముక్కు ఆయన వైపే ఉంది.

"ఎడమపక్క పుచ్చిందిరా. కుడిపక్క నుంచి ఎక్కు."

చిన్నమేస్త్రీ నిచ్చెన వేశాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగాడు.

"అన్నయ్యా, ఇది మరీ పాతిల్లు. ఒక్కసారి పైకెళ్ళి తట్టి, సుద్ద గీస్తావా?"

"కళ్ళతో చూసింది చాలదూ? భయమైతే చెప్పు, వేరేవాణ్ణి పిలుస్తాను."

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. చిన్నమేస్త్రీ మొహం ఎర్రబడింది. గబగబా ఎక్కాడు.

చూరు దాటి నాలుగడుగులు వేశాడు. ఫెళ్ళున విరిగిన చప్పుడు. పెంకులు జారి వాకిట్లో పడి పగిలాయి. చిన్నమేస్త్రీ నడుం దాకా కప్పులోకి దిగిపోయి, చేతులతో పక్క వాసం కరుచుకుని ఆగాడు.

"అన్నయ్యా!"

టీచరమ్మ లోపలికి పరిగెత్తింది. బీరువా మీదుగా ఒక కాలు వేలాడుతోంది. మోకాలి కింద అది ఉండవలసినట్టు లేదు. ఆవిడ బయటికి వచ్చి, "మేస్త్రీ, త్వరగా ఎక్కు! అతను పట్టు వదిలేసేట్టున్నాడు" అంది.

పెద్దమేస్త్రీ నిచ్చెన ఎక్కాడు. మూడు మెట్లు. నాలుగో దానికి చెయ్యి వేశాడు. కాలు లేవలేదు. పైన "అన్నయ్యా, అన్నయ్యా" అని వినిపిస్తోంది. ఆ గొంతు చిన్నప్పుడు చెరుకుతోటలో దారి తప్పినప్పటి గొంతులా ఉంది. అయినా కాలు లేవలేదు. నిచ్చెన మొత్తం ఆయనతో పాటు వణికింది.

పక్కింటి గోడకి రంగు వేస్తున్నతను బ్రష్షు పడేసి, తన మోకు తీసుకుని గోడ దూకి వచ్చాడు. పెద్దమేస్త్రీని భుజం పట్టి కిందికి లాగి, మోకుతో తనే ఎక్కాడు. ఇద్దరు పొరుగువాళ్ళు లోపల బల్ల మీద నిలబడి కాలు పట్టుకున్నారు. అలా దించారు.

"మోకాలు పట్టేసింది" అన్నాడు పెద్దమేస్త్రీ, ఎవరూ అడక్కుండానే. టీచరమ్మ ఆయన మొహం వంక ఒకసారి చూసి, గాయానికి గుడ్డ తేవడానికి వెళ్ళింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఆసుపత్రిలో ఎముకకి కట్టు కట్టారు. పొడుగాటి గదిలో చివరి మంచం. తోడికోడళ్ళిద్దరూ చెరోపక్కా నిలబడ్డారు. పెద్దమేస్త్రీ మంచం కాళ్ళ దగ్గర ఇనప స్టూలు మీద కుక్కిన పేనులా కూర్చున్నాడు. కాసేపటికి బావమరిది చేతులకి గ్రీజుతోనే వచ్చాడు.

వాడు కనపడగానే పెద్దమేస్త్రీ భార్య అందుకుంది. "వచ్చావా తమ్ముడూ! చూడు నీ సరుకు చేసిన నిర్వాకం. సొంత బావకి అంటగట్టడానికి నీకు ఆ చవక బొమ్మే దొరికిందా?"

"అక్కా, నేను..."

"నోర్ముయ్. కొత్తగా నేర్చుకునేవాడికి మంచిదివ్వాలా, పనికిమాలిందివ్వాలా? చూసింది ఒకటి, చూపించింది ఒకటిట."

చిన్నమేస్త్రీ భార్య మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "మీరనేది నిజమే అక్కా. బావగారు పాపం దాన్ని నమ్ముకున్నారు. అది మోసం చేసింది."

"అది ఆటబొమ్మని చెప్పానక్కా. ఇళ్ళ మీద వద్దని కూడా చెప్పాను" అన్నాడు బావమరిది. వాడు పెద్దమేస్త్రీ వైపు చూశాడు. సాయం రమ్మన్నట్టుంది ఆ చూపు.

పెద్దమేస్త్రీ నేల వైపు చూశాడు. నేల మీద బండల మధ్య సందుల్లో సబ్బునీళ్ళు ఆరిన తెల్లటి చార ఉంది.

పక్క మంచం మీది ముసలాయన కూడా కల్పించుకున్నాడు. "చవకగా వచ్చిందని సంతకి పోతే సంచి చిరిగిందన్నట్టుంది. మా మేనల్లుడూ అలాంటిదే కొన్నాడు. మూడో రోజు పక్కూరి చెరువులో తేలింది. కొత్తవాళ్ళు చవకవి కొనకూడదు."

"కొననే కూడదు" అంది పెద్దమేస్త్రీ భార్య. "అమ్మేవాడికైనా ఉండాలి సిగ్గు."

అందరూ ఒక మాట మీదికి వచ్చారు. తప్పు చవక డ్రోన్‌ది, అది అమ్మినవాడిది. బావమరిది గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, "సరే అక్కా, నాదే తప్పు. ఆసుపత్రి ఖర్చు నేను చూసుకుంటాను" అన్నాడు.

చిన్నమేస్త్రీ కళ్ళు తెరిచాడు. "వాణ్ణి అనకండి. అన్నయ్యకి పొద్దున మోకాలు కూడా పట్టేసింది. లేకపోతే నాకన్నా ముందు తనే ఎక్కేవాడు."

పెద్దమేస్త్రీ స్టూలు మీంచి లేచాడు. లేచాక ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు.

"మోకాలు పట్టలేదురా."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"నాకు ఎత్తంటే భయం. పోయిన వానల్నుంచీ. ఎక్కలేక ఆ డ్రోన్ కొన్నాను. వాడికి సరదాకని చెప్పాను. ముక్కు మనవైపు తిరిగితే కుడి ఎడమవుతుందని వాడు ఆ రోజే చెప్పాడు. పొద్దున తిరిగింది. చూసుకోలేదు." తమ్ముడి వైపు తిరిగాడు. "భయమైతే చెప్పమన్నాను చూడు నీతో. భయం నాది."

ముసలాయన దుప్పటి మెడ దాకా లాక్కుని అటు తిరిగిపోయాడు. ముందు బావమరిదికే మాట వచ్చింది.

"ఆడలేక మద్దెల ఓడని నలుగురూ అంటుంటే వింటూ కూర్చున్నావా బావా? నేను నీకు ఇంతేనా?"

భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుంది, వదిలేసింది. మరదలు ఆయన వంక చూడకుండా, నెమ్మదిగా అంది: "పైన ఉన్నంతసేపూ మిమ్మల్నే పిలిచారట బావగారూ. నిచ్చెన చప్పుడు వినపడింది, అన్నయ్య వచ్చేస్తున్నాడనుకున్నానని చెప్పారు ఇందాక."

పెద్దమేస్త్రీకి ఆ గదిలో నిలబడడానికి చోటు లేనట్టనిపించింది. అయినా నిలబడ్డాడు.

చిన్నమేస్త్రీ కప్పు వంక చూశాడు. అది కాంక్రీటు కప్పు, చూడడానికి ఏమీ లేదు.

"నాతో అంటే ఏం పోయేదన్నయ్యా? తట్టడం నాకూ వచ్చుగా." మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఇప్పుడు నీతో మాట్లాడలేను. బయట మబ్బు పట్టింది. ముందు టీచరమ్మ కప్పు మూయించు. ఎక్కేవాణ్ణి పిలువు. నువ్వెందుకు ఎక్కడం లేదో కూడా అతనికి చెప్పు."

పెద్దమేస్త్రీ బయటికి వచ్చాడు. గాలి తగ్గింది. వాన వాసన వస్తోంది. తడి పుస్తకాలు, వాటి మీద తెరుచుకున్న కప్పు కళ్ళ ముందు కదిలాయి. రంగులతను ఉండే సందు ఎక్కడో కనుక్కుని వెళ్ళాడు. అతను గుమ్మంలో కూర్చుని కిరసనాయిలు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎలా ఉన్నాడు మీ తమ్ముడు?"

"కట్టు కట్టారు." పెద్దమేస్త్రీ గుమ్మం ఎక్కలేదు. "టీచరమ్మ కప్పు మీద పట్టా కప్పాలి, వాన వచ్చేలోపు. నువ్వు ఎక్కాలి. నువ్వు పెంకులు తట్టుకుంటూ పో, పుచ్చిన వాసాలు ఏవో చప్పుడు విని కిందినుంచి చెప్తాను."

"నువ్వెక్కవా?"

"నాకు భయం."

రంగులతను గుడ్డ పక్కన పెట్టాడు. "మోకాలన్నావుగా?"

"అబద్ధం."

అతను పెద్దమేస్త్రీ మొహం చూశాడు. నవ్వుతాడేమోనని పెద్దమేస్త్రీ ఎదురు చూశాడు. అతను నవ్వలేదు. లోపలికి వెళ్ళి మోకు తెచ్చుకుని, చెప్పులు వేసుకుని ముందు నడిచాడు.