మైకు కన్నం లేని స్టీరియో

ఘాజియాబాద్‌లో సాలొమోను ఉండే అపార్ట్‌మెంట్లో పొద్దున్న నీళ్ల మోటారు ఆగే వేళకి ఆయన భార్య సువార్త నైట్ డ్యూటీ నుంచి వచ్చేది. ఆవిడ నోయిడాలో ఓ ఆసుపత్రిలో నర్సు. ఆయన ఇంకో ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. ఆవిడ చెప్పులు విప్పుతుంటే ఈయన బూట్లు తొడుక్కునేవాడు. "పాలు కాచాను", "గ్యాస్ బుక్ చెయ్యండి" లాంటి కాపురపు కబుర్లన్నీ గుమ్మంలోనే అయిపోయేవి. ఆ తరవాత ఆవిడ నిద్ర, ఇంట్లో నిశ్శబ్దం.

నిశ్శబ్దంతో సాలొమోనుకి పేచీ లేదు. పేచీ అల్లా నథానియేలు ఇంట్లో నిశ్శబ్దం లేకపోవడంతోనే.

సువార్త పాడితే పాట ఆ గదిలో ఉండిపోతుంది. పోపు వాసనలాగా కర్టెన్లకీ సోఫా కవర్లకీ పట్టుకుంటుంది, ఉతికేదాకా వదలదు. తెలుగు చర్చి సంఘంవాళ్ల శనివారం కూడిక నథానియేలు ఇంట్లోనే జరిగేది. ఆయన దగ్గర పెద్ద స్పీకర్లూ మైకూ ఉన్నాయి మరి. ఆయన భార్య ఎల్సా ప్లేట్లు అందిస్తూ మామూలుగా అనేది.

"సువార్తక్కా, మొన్న దిండు గలేబు మారుస్తుంటే నీ రెండో చరణం జారి కింద పడింది. మళ్లీ లోపల పెట్టేశాలే."

అందరితో పాటు సాలొమోనూ నవ్వేవాడు. పెళ్లాం గొంతు వారమంతా పరాయి మగాడి సోఫాలో కాళ్లు జాపుకుని కూర్చుంటే ఏ మొగుడు నవ్వగలడో ఆయనకే తెలియాలి. పైగా నథానియేలు మంచివాడు. అసలు చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే శుభ్రంగా కుళ్లుకుని, ఆదివారం క్షమించేసి, సోమవారం మళ్లీ కుళ్లుకునేవాడు.

నవంబరు చివర్లో పాస్టరు అయ్యగారు అడిగారు. "డిసెంబరంతా క్రిస్మస్ కేరల్స్ ప్రాక్టీసు ఎవరింట్లో? సౌండ్ ఉన్న ఇల్లయితే బావుణ్ణు."

"మా ఇల్లుందిగా అయ్యగారూ," అన్నాడు నథానియేలు.

నెల్లాళ్ల పాట! ఆ ఇంట్లో గరిటెలు కూడా సువార్త గొంతుతోనే మోగుతాయి. సాలొమోను తాను లేచి నిలబడ్డానని నిలబడ్డాక గాని తెలుసుకోలేదు.

"వచ్చే కూడిక మా ఇంట్లో పెట్టుకుందామండీ. ప్రాక్టీసు సంగతి అక్కడే తేల్చుకుందాం."

"మీ ఇంట్లో సౌండ్ ఉందా బ్రదర్?"

"ఉంది," అన్నాడు. లేదు.

సెలవు పెట్టి కరోల్ బాగ్ వెళ్లాడు. హాల్లో టీవీ పక్కన పట్టే చిన్న స్టీరియో కావాలన్నాడు. కొట్టాయన ఒకటి తీసి వెనక్కి తిప్పాడు. బ్లూటూత్ ఉంది, పెన్‌డ్రైవ్‌కి యూఎస్‌బీ ఉంది, టీవీకి ఆప్టికల్ ఉంది, పాత ప్లేయరేదన్నా ఉంటే ఆక్స్ కూడా ఉందన్నాడు.

"ఇంకా కన్నాలు ఎక్కువున్నది చూపించు భయ్యా."

"వేటికి కలుపుతారు అంకుల్‌జీ?"

"అన్నిటికీ." ఇంట్లో ఉన్నది ఒక టీవీ, రెండు ఫోన్లు.

"పాటలు వింటారా, పాడతారా?"

అడగాల్సిన ప్రశ్న అతను అడిగాడు. చెప్పాల్సిన జవాబు ఈయన చెప్పలేదు. పెళ్లాం గొంతు ఒకడి ఇంట్లో ఉన్నది చాలక కొట్టువాడి చెవిన కూడా వెయ్యాలా? "వింటాం," అని ముఖం గంభీరంగా పెట్టి, అన్నిటికన్నా ఎక్కువ కన్నాలున్న పెట్టె కొనేశాడు. పక్క కొట్లో మైకు కొన్నాడు.

శుక్రవారం సువార్తకి ఆఫ్. నిద్ర లేచి వచ్చేసరికి ఆయన స్టీరియో వెనకాల వంగి, మైకు పిన్నుని ప్రతి కన్నంలోనూ పొడుస్తున్నాడు. హెడ్‌ఫోన్ కన్నంలో దూరింది. "హలో, హలో," అన్నాడు. ఏమీ లేదు. ఇంకాస్త వంగాడు. ఇంతలో ఎదురు ఫ్లాట్ గౌరిగారి ఫోను పొరపాటున ఈ స్టీరియోకి కలిసింది. ఆవిడ చూస్తున్న యోగా గురువు హాలు దద్దరిల్లేలా చెప్పాడు: "ఇప్పుడు నడుము ఇంకా పైకి... శాబాష్!"

సువార్త అక్కడే, అట్టపెట్టె పక్కన కూలబడి నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇది వినేదండీ బాబూ, పాడేది కాదు! ఎందుకు కొన్నారు?"

"నీ గొంతేమో వాళ్లింట్లో ఉంటుంది," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఇక్కడికొచ్చి నువ్వు నిద్రపోతావు."

ఆవిడ నవ్వు ఆగింది. "ఇక్కడ తప్ప నాకెక్కడా నిద్ర పట్టదండీ," అంది. మళ్లీ ఆయన చేతిలో మైకు చూసి నవ్వాపుకోలేకపోయింది.

శనివారం అందరూ వచ్చారు. సాలొమోను స్టీరియో మీద తువ్వాలు కప్పి, ఓటమికి సిద్ధపడి కూర్చున్నాడు.

"సౌండ్ ఏది బ్రదర్?" అన్నాడు నథానియేలు.

"ఉందండీ. అంటే... వినే రకం."

చాప పరుద్దామని ఎల్సా అట్టపెట్టెని పక్కకి జరిపింది. వారంటీ కోసం దాచిన పెట్టె. మూత తెరుచుకుంది. లోపలి థర్మోకోల్‌లోంచి సువార్త నవ్వు పొంగుకొచ్చి హాలంతా దొర్లింది. ఎల్సా మూత వేసింది. మళ్లీ తీసి చెవి పెట్టింది.

"అక్కా, ఎందుకు నవ్వావే ఇంతలా?"

"ఈయన్ని చూసి."

ఎల్సా తన మొగుడి వంక చూసింది. "మా ఇంట్లో నీ పాటలు బోలెడున్నాయక్కా. నవ్వే ఒక్కటీ లేదు. నీదీ లేదు, నాదీ లేదు." తరవాత పాస్టరుగారి వైపు తిరిగింది. "ప్రాక్టీసు ఇక్కడే పెట్టుకుందామండీ. మైకు లేకపోతే పోయింది."

మా ఇల్లుందిగా అని నథానియేలు అనలేదు. అతను పెట్టెనే చూస్తున్నాడు. ఆ చూపు సాలొమోనుకి కొత్త కాదు. ఏడాదిగా తను వాళ్ల సోఫాని చూస్తున్నది ఆ చూపుతోనే.

టీ చల్లారేదాకా సాలొమోను గెలుపు అనుభవించాడు. ఆ తరవాత బుర్రలో వెలిగింది. డిసెంబరంతా రోజూ సాయంత్రం నథానియేలు ఈ హాల్లోనే, ఈ పెట్టె పక్కనే కూర్చుంటాడు! జనం లేస్తుండగానే పెట్టెని ఎత్తుకుని పడగ్గదికి బయల్దేరాడు.

నథానియేలు వెనకాలే వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "బ్రదర్, అది ఏ మోడల్?"

పాపం, మొహం చూస్తే జాలేసింది. సాలొమోను చెప్పబోయాడు కూడా.

"స్టాకు అయిపోయిందండీ," అన్నాడు, గది తలుపు కాలితో మూస్తూ.